కాకినాడ ప్రయోగం: మెక్‌క్లెలాండ్ సాధన ప్రేరణ సిద్ధాంతం - ఒక పునఃపరిశీలన

వ్యాససంగ్రహం

వాణిజ్య, నిర్వహణ శాస్త్ర పాఠ్యక్రమాల్లో డేవిడ్ మెక్‌క్లెలాండ్ పేరు రెండు చోట్ల వస్తుంది. ప్రేరణ సిద్ధాంతాల అధ్యాయంలో ‘మూడు అవసరాల’ నమూనాగా ఒకసారి, వ్యవస్థాపకత అధ్యాయంలో కాకినాడ ప్రయోగంగా మరొకసారి కనిపిస్తుంది. మొదటిది ఒక భావన, రెండోది ఆ భావనకు పెట్టిన పరీక్ష. ఆ పరీక్ష నిజంగా ఏమి రుజువు చేసింది, ఏమి రుజువు చేయలేదు అనే ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: సాధన ప్రేరణ, వ్యవస్థాపకత, కాకినాడ ప్రయోగం, నియంత్రిత సమూహం, కథా విశ్లేషణ, కార్యసామర్థ్య భావన.

1. ఉపోద్ఘాతం

నిర్వహణ శాస్త్రంలో మనం బోధించే సిద్ధాంతాల్లో అధికభాగం అమెరికా, ఐరోపా కర్మాగారాల్లో పుట్టినవే. టేలర్ ఉక్కు కర్మాగారంలోనో, హాథోర్న్ విద్యుత్ పరికరాల కర్మాగారంలోనో జరిగిన పరిశీలనలను మన విద్యార్థులు దూరపు కథలుగా చదువుకుంటారు. మెక్‌క్లెలాండ్ సిద్ధాంతం పుట్టింది కూడా అక్కడే. కానీ దానికి జరిగిన అతి ముఖ్యమైన క్షేత్రపరీక్ష మన కాకినాడలో, కాకినాడ వ్యాపారులపైన జరిగింది. ప్రపంచంలో ఏ దేశంలో వ్యవస్థాపకతా శిక్షణ గురించి పుస్తకం రాసినా ఈ ఊరి పేరు ప్రస్తావనకు వస్తుంది.

ఇంతటి దగ్గరి విషయాన్ని మనం బోధిస్తున్న తీరు మాత్రం సంతృప్తికరంగా లేదు. పరీక్ష జవాబుల్లో అది సాధారణంగా నాలుగు వాక్యాలకు కుదించుకుపోతుంది: కాకినాడలో కొందరు వ్యాపారులకు మూడు నెలల శిక్షణ ఇచ్చారు, వారిలో సాధన ప్రేరణ పెరిగింది, దానివల్ల వ్యాపారాలు పెరిగాయి, సంప్రదాయ విశ్వాసాలు అభివృద్ధికి అడ్డు కావని తేలింది. ఈ నాలుగింటిలో మొదటిది పొరపాటు. రెండో దానికి ఆధారం బలహీనం. మూడోది కార్యకారణ సంబంధాన్ని తేలికగా తీసుకున్న మాట. నాలుగోది చాలావరకు నిజం, అయితే దాని అర్థాన్ని ఎవరూ విడమరచి చెప్పరు. మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో వెలువరించిన ‘మోటివేటింగ్ ఎకనామిక్ అఛీవ్‌మెంట్’ అనే గ్రంథం ఈ ప్రయోగానికి మూలాధారం. ఆ గ్రంథం చెప్పినదానికీ గైడ్లు చెబుతున్నదానికీ మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసరచనకు కారణం.

2. మూడు అవసరాలు: భావన, కొలత

మెక్‌క్లెలాండ్ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు. సాధన అవసరం, అధికార అవసరం, అనుబంధ అవసరం అనే మూడింటినీ ఆయనే కనిపెట్టాడని చాలామంది అనుకుంటారు. నిజానికి ఈ భావనల మూలాలు హెన్రీ మర్రే 1938లో ఇచ్చిన సుదీర్ఘమైన అవసరాల పట్టికలో ఉన్నాయి. ఆ పట్టికలోంచి కొన్నింటిని ఎన్నుకొని, వాటిని కొలిచే పద్ధతిని నిర్మించడం మెక్‌క్లెలాండ్ చేసిన పని. కనుక ఆయన సిద్ధాంతాన్ని కొలత నుంచి విడదీసి బోధిస్తే మిగిలేది మూడు నిర్వచనాలు మాత్రమే.

ఆ కొలత ప్రశ్నావళి కాదు. ‘మీకు విజయం సాధించాలని ఉందా?’ అని అడిగితే కాదని ఎవరంటారు? మనిషి తన ప్రేరణను తాను సరిగా చెప్పలేడన్నది మెక్‌క్లెలాండ్ వాదానికి పునాది. అందువల్ల ఆయన 1930లలో మోర్గాన్, మర్రే రూపొందించిన థిమాటిక్ అపర్సెప్షన్ టెస్ట్ పద్ధతిని ఆశ్రయించాడు. అస్పష్టమైన బొమ్మ ఒకటి చూపించి కొద్ది నిమిషాల్లో కథ రాయమంటారు. కథలోని ఆలోచనలను ముందుగా నిర్ణయించిన సూత్రాల ప్రకారం గుర్తించి అంకెలు వేస్తారు.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. బియ్యం మిల్లులో రాత్రివేళ ఒక వ్యక్తి తెరిచిన ఖాతాపుస్తకం ముందు కూర్చొని ఉన్నాడు. ఒకరు ఇలా రాస్తారు: ‘నూకశాతం ఎందుకు ఎక్కువ వస్తున్నదో అతను ఆలోచిస్తున్నాడు. పోయిన ఏడాది లెక్కతో పోల్చి చూస్తున్నాడు. రోలర్లు మారిస్తే తగ్గుతుందేమోనని రేపు ఒక్క బస్తాతో ప్రయత్నిస్తాడు.’ మరొకరు: ‘ఇంటి దగ్గర పిల్లలు ఎదురుచూస్తున్నారు. తమ్ముడితో వచ్చిన మనస్పర్థ ఎలా పోతుందా అని బాధపడుతున్నాడు.’ ఇంకొకరు: ‘ఈ లెక్కలు చూపించి మిల్లర్ల సంఘంలో అందరినీ తన మాట వినేలా చేయాలనుకుంటున్నాడు.’ మొదటి కథ సాధనకు, రెండోది అనుబంధానికి, మూడోది అధికారానికి సూచకాలు. మొదటి కథలో డబ్బు ప్రస్తావనే లేదన్నది గమనించాలి. ఒక ప్రమాణంతో పోల్చుకొని అంతకంటె మెరుగ్గా చేయాలన్న తపనే మెక్‌క్లెలాండ్ చెప్పిన సాధన అవసరం. లాభం ఆ మెరుగుదలకు కొలబద్ద మాత్రమే.

ఇక్కడ మన పరిభాష గురించి ఒక మాట. తెలుగులో ‘సాధన’ అంటే నిత్యాభ్యాసం, ఫలసిద్ధి రెండూ. సంగీత సాధన, యోగ సాధన అనే వాడుకల వల్ల విద్యార్థి ఈ పదాన్ని కఠోర శ్రమగా అర్థం చేసుకొనే ప్రమాదం ఉంది. శ్రమ ఎంతైనా, తన పని గతం కంటె మెరుగైందా లేదా అనే చింత లేని మనిషిని మెక్‌క్లెలాండ్ పద్ధతి అధిక సాధన ప్రేరణ కలవాడిగా లెక్కించదు.

అధిక సాధన ప్రేరణ గలవారి లక్షణాలుగా మూడింటిని చెబుతారు: ఫలితానికి తామే బాధ్యులయ్యే పనులను కోరుకోవడం, మధ్యస్థమైన నష్టభయాన్ని ఎంచుకోవడం, తమ పని ఎలా సాగుతున్నదో వెంటనే తెలియాలనుకోవడం. రెండోదాన్ని వివరించడానికి వలయాల ఆటను ఉదాహరిస్తారు. నేలలో పాతిన మేకుపైకి వలయాలు విసరాలి, ఎంత దూరంలో నిలబడాలన్నది ఆటగాడి ఇష్టం. కొందరు మేకు పక్కనే నిలబడతారు, కొందరు మరీ దూరంగా నిలబడి అదృష్టానికి వదిలేస్తారు. సాధన ప్రేరణ ఎక్కువగా ఉన్నవారు కష్టమైనా అసాధ్యం కాని దూరాన్ని లెక్కించుకొని నిలబడతారు. వ్యవస్థాపకుడంటే జూదరి అనే సామాన్య అభిప్రాయాన్ని ఈ పరిశీలన ఖండిస్తుంది.

మరొక విషయాన్ని పాఠ్యగ్రంథాలు తరచు విస్మరిస్తాయి. మూడు అవసరాలు ఒకే ఉద్యోగానికి సమానంగా పనికివచ్చేవి కావు. మెక్‌క్లెలాండ్, బర్న్‌హామ్ 1976లో ప్రచురించిన వ్యాసంలో పెద్ద సంస్థల నిర్వాహకులకు సాధన ప్రేరణ కంటె, సంస్థ హితానికి కట్టుబడిన నిగ్రహంతో కూడిన అధికార ప్రేరణే ముఖ్యమని వాదించారు. తానే అన్నీ బాగా చేయాలనుకొనేవాడు ఇతరుల చేత చేయించలేడు. అంటే సాధన ప్రేరణ సిద్ధాంతం ప్రధానంగా చిన్న వ్యాపారస్థుడికి, స్వతంత్ర వ్యవస్థాపకుడికి వర్తించేది. కాకినాడను ఎంచుకోవడం వెనుక ఉన్న తర్కం కూడా ఇదే.

3. కాకినాడకు దారి

1961లో వచ్చిన ‘ది అఛీవింగ్ సొసైటీ’లో మెక్‌క్లెలాండ్ వ్యక్తి నుంచి సమాజానికి దూకాడు. వివిధ దేశాల ప్రాథమిక పాఠశాల వాచకాల్లోని కథలను తీసుకొని, వాటిలో సాధన భావాలు ఎంత ఉన్నాయో లెక్కించి, తర్వాతి కాలంలో ఆ దేశాల్లో విద్యుదుత్పత్తి పెరిగిన తీరుతో పోల్చాడు. 1925 ప్రాంతపు వాచకాలకు, ఆ తర్వాతి ఆర్థిక వృద్ధికి సంబంధం కనిపించిందని ఆయన వాదం. తరువాతి పరిశోధకులు ఇతర సంవత్సరాలకు, ఇతర కొలమానాలకు ఈ పద్ధతిని వర్తింపజేసినప్పుడు ఆ సంబంధం నిలబడలేదు. ఆ విమర్శ అటుంచితే, ఆయన ముందు అప్పుడే మరో ప్రశ్న నిలిచింది. ప్రేరణ బాల్యంలోనే, కుటుంబ పెంపకంలోనే స్థిరపడిపోతే, పేద దేశాలు ఒక తరం పాటు వేచి ఉండక తప్పదా? పెద్దవారిలో ప్రేరణను పెంచడం సాధ్యమేనా? 1965లో ‘అమెరికన్ సైకాలజిస్ట్’ పత్రికలో ప్రేరణను అలవరచడం ఎలాగో పన్నెండు ప్రతిపాదనల రూపంలో ఆయన రాశాడు. వాటిని పరీక్షించడానికి ఒక ఊరు కావలసి వచ్చింది.

హైదరాబాదులో అందుకు తగిన సంస్థ ఉంది. 1960లో ఢిల్లీలో ఏర్పడి 1962లో హైదరాబాదుకు తరలివచ్చిన చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ అది. మనవాళ్లు సియెట్ అని పిలుచుకున్న ఆ సంస్థే నేడు యూసుఫ్‌గూడలోని జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థ. కాకినాడ అప్పటికి లక్షకు పైబడిన జనాభా గల జిల్లా కేంద్రం. రేవు ఉంది, కళాశాలలున్నాయి, చుట్టూ గోదావరి డెల్టా సంపద ఉంది. అయినా ఆ సంపద ఎక్కువగా భూమిలోనూ వర్తకంలోనూ తిరుగుతున్నదే గాని పరిశ్రమల వైపు మళ్లలేదు. పోల్చి చూడటానికి అదే జిల్లాలో, దాదాపు అంతే పరిమాణంలో ఉన్న రాజమహేంద్రవరాన్ని తీసుకున్నారు. తరువాత మద్రాసు రాష్ట్రంలోని వేలూరు వ్యాపారులకు కూడా శిక్షణ ఇచ్చారు.

ఈ ఎంపికలోని విజ్ఞత విద్యార్థులకు తప్పక వివరించదగినది. ఒక్కొక్క వ్యక్తిని ఒక్కొక్క ఊరి నుంచి తీసుకువస్తే, తిరిగి వెళ్లాక అతనికి తోడుండేవారు ఉండరు. ఒకే ఊరివారైతే శిక్షణలో చేసుకున్న నిర్ణయాలను ఒకరికొకరు గుర్తుచేసుకోగలరు. మెక్‌క్లెలాండ్ ప్రతిపాదనల్లో కొత్త బృందంలో సభ్యత్వం కూడా ఒకటి. అయితే ఈ సదుపాయమే తరువాత విశ్లేషణకు చిక్కు తెచ్చిపెట్టింది. మార్పు ప్రేరణ వల్ల వచ్చిందా, పరిచయాల వల్ల వచ్చిందా అన్న అనుమానానికి అది తావిచ్చింది.

4. శిక్షణ స్వరూపం

1964 నుంచి కాకినాడ వ్యాపారులు బృందాలుగా హైదరాబాదు వచ్చి సంస్థలోనే బసచేసి శిక్షణ పొందారు. ఒక్కొక్క శిక్షణ సుమారు పది రోజుల నుంచి రెండు వారాల లోపు సాగింది. మూడు నెలలన్న మాట మన గ్రంథాల్లోకి ఎలా చేరిందో ఊహించడం కష్టం. ఒకరు రాసినదాన్ని మరొకరు ఎత్తిరాయడం వల్ల స్థిరపడి ఉంటుంది. ఈ తేడా చిన్నది కాదు. మూడు నెలలంటే ఎవరైనా లెక్కలు, మార్కెటింగ్, యంత్రపరిజ్ఞానం నేర్పారని భావిస్తారు. పది రోజుల్లో అవి నేర్పడం సాధ్యం కాదు, నేర్పే ఉద్దేశమూ లేదు. వృత్తి నైపుణ్యం ఏదీ కొత్తగా నేర్పకుండా, ఆలోచనా విధానాన్ని మాత్రమే కదిలిస్తే వ్యాపార ప్రవర్తన మారుతుందా అన్నదే ప్రయోగంలోని అసలు ప్రశ్న. కాలాన్ని మూడు నెలలుగా మార్చగానే ఆ ప్రశ్న మాయమవుతుంది.

శిక్షణలో మొదట వారిచేత కథలు రాయించారు. తమ కథలకు తామే అంకెలు వేసుకోవడం నేర్పారు. సాధన ప్రేరణ గల మనిషి ఎలా ఆలోచిస్తాడో తెలుసుకొని, అదే తీరులో కథలను తిరగరాశారు. ఇక్కడ దాపరికం లేదు. ఏ కొలతతో వారిని కొలుస్తారో ఆ కొలతనే వారి చేతికిచ్చారు. వలయాల ఆట వంటివాటితో తమ నష్టభయ ధోరణిని తామే చూసుకున్నారు. ఆ తర్వాత, ‘నేనెవరిని? నా కుటుంబం, నా సంస్కృతి నన్ను ఏమి కోరుతున్నాయి? ఈ కొత్త ఆలోచన వాటితో పొసగుతుందా?’ అనే ఆత్మపరిశీలనకు సమయమిచ్చారు. చివరగా ఒక్కొక్కరూ రాబోయే రెండేళ్లకు తమ వ్యాపార లక్ష్యాలను స్పష్టంగా, కొలవగలిగే రీతిలో రాసుకున్నారు. ఆరు నెలలకొకసారి పురోగతిని సమీక్షించుకొనే ఏర్పాటు కూడా చేశారు.

‘నా సంస్కృతితో పొసగుతుందా’ అన్న అంశాన్ని నేను ముఖ్యమైనదిగా భావిస్తున్నాను. ఆ దశాబ్దంలో వెనుకబాటుతనానికి హిందూ సంప్రదాయాన్ని, కులవ్యవస్థను, కర్మసిద్ధాంతాన్ని కారణాలుగా చూపడం పాశ్చాత్య సామాజిక శాస్త్రంలో పరిపాటి. శిక్షణ వల్ల చురుకుదనం పెరిగినవారు తమ సంప్రదాయ విశ్వాసాలను వదులుకోలేదని మెక్‌క్లెలాండ్, వింటర్ గమనించారు. కులం గాని, పాశ్చాత్య జీవనశైలి గాని ఎవరు మారతారో ఎవరు మారరో నిర్ణయించలేదు. అంతమాత్రాన కులం వ్యాపారంలో పాత్ర వహించదని ఈ ఫలితం చెప్పడం లేదు. శిక్షణకు వచ్చినవారందరూ అప్పటికే వ్యాపారంలో ఉన్నవారు. పెట్టుబడి, పరపతి అందక వ్యాపారంలోకే రాలేకపోయినవారు ఈ నమూనాలో లేరు. ‘కులం అడ్డు కాదు’ అని రాసే జవాబుకు ఈ పరిమితిని జోడించడం అధ్యాపకుల బాధ్యత.

5. ఫలితాలను చదవడం

శిక్షణకు ముందు రెండేళ్లు, తరువాత రెండేళ్లు వ్యాపారుల ప్రవర్తనను నమోదు చేశారు. అత్యంత చురుకైన స్థాయిలో ఉన్నవారు శిక్షణ పొందిన సమూహంలో ముందు 18 శాతం, తరువాత 51 శాతం. శిక్షణ పొందని పోలిక సమూహంలో ముందు 22 శాతం, తరువాత 25 శాతం. కొత్త వ్యాపారం ప్రారంభించినవారి విషయంలోనూ ఇదే ధోరణి: శిక్షణ పొందినవారిలో నాలుగైదు శాతం నుంచి ఐదో వంతుకు పైగా పెరిగారు, మిగిలినవారిలో చెప్పుకోదగిన మార్పు లేదు. ఉద్యోగుల సంఖ్యను పెంచినవారు రెండు సమూహాల్లోనూ పెరిగినా, శిక్షణ పొందినవారిలో ఆ పెరుగుదల ఎక్కువ.

ఈ అంకెలను బోధించేటప్పుడు 51 అన్న ఒక్క సంఖ్య దగ్గర ఆగిపోవడం సాధారణ లోపం. అటు 33 పాయింట్ల పెరుగుదల, ఇటు 3 పాయింట్ల పెరుగుదల. వీటి మధ్య తేడా అయిన 30 పాయింట్లే శిక్షణకు ఆపాదించదగినవి. 1964 నుంచి 1966 వరకు మన దేశంలో ఏమి జరిగిందో గుర్తుచేసుకుంటే పోలిక సమూహం అవసరం తెలుస్తుంది. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం, వరుసగా రెండేళ్లు కరువు, 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గింపు. లైసెన్సులు, పర్మిట్లు లేనిదే యంత్రం కదలని కాలం. శిక్షణ పొందని వ్యాపారులూ ఇదే వాతావరణంలో ఉన్నారు కనుక పోలిక అర్థవంతమైంది.

పరిమితులూ ఉన్నాయి. శిక్షణ పొందినవారి మొత్తం సంఖ్య వందకు లోపే. అంటే పై పట్టికలో ఒక శాతమంటే ఒక పూర్తి మనిషి కూడా కాదు. శిక్షణకు వచ్చినవారు స్వచ్ఛందంగా వచ్చారు. పని మానుకొని పది రోజులు హైదరాబాదులో ఉండటానికి ఒప్పుకున్న వ్యాపారి, ఒప్పుకోని వ్యాపారి లాంటివాడేనా? ముందు రెండేళ్ల చురుకుదనం ఇరుపక్షాలా దగ్గరగా ఉండటం ఈ అభ్యంతరానికి కొంత సమాధానం చెబుతుంది, పూర్తిగా చెప్పదు.

6. పెరిగింది ప్రేరణేనా?

అసలు చిక్కు ఇక్కడ ఉంది. ప్రవర్తన మారిందనడానికి ఆధారం గట్టిది. కాని అది సాధన ప్రేరణ పెరగడం వల్లనే మారిందని చెప్పాలంటే, కథల్లో అంకెలు పెరిగినవారే వ్యాపారంలోనూ మారి ఉండాలి. ఆ సంబంధం ఆశించినంత స్పష్టంగా కనిపించలేదు. పైగా కథలు ఎలా రాయాలో శిక్షణలోనే నేర్పారు కనుక, తరువాత రాసిన కథల్లోని అంకెలు ప్రేరణను చూపుతున్నాయో నేర్చిన పాఠాన్ని చూపుతున్నాయో విడదీయడం కష్టం. రచయితలు దీన్ని దాచలేదు. తమ సిద్ధాంతానికి ప్రత్యామ్నాయ వివరణలను గ్రంథంలోనే చర్చించి, ‘నా చేతల వల్ల నా పరిస్థితి మారుతుంది’ అనే నమ్మకం, అంటే కార్యసామర్థ్య భావన పెరగడం ఒక ముఖ్య కారణం కావచ్చునని అంగీకరించారు.

దీనితో పాటు మరో పరిశీలన ఉంది. అది సిద్ధాంతం కంటె విలువైనదని నా అభిప్రాయం. వ్యాపారంలో తుది నిర్ణయం తమ చేతిలో ఉన్నవారిలోనే శిక్షణ ఫలించింది. తండ్రో, అన్నో, భాగస్వామో పెత్తనం చేస్తున్న వ్యాపారాల నుంచి వచ్చినవారు అంత మారలేదు. మన ఉమ్మడి కుటుంబ వ్యాపారాలను చూసినవారికి ఇందులో వింత ఏమీ లేదు. గల్లాపెట్టె తాళంచెవి నాన్నగారి దగ్గర ఉన్నంతకాలం కొడుకు రాసుకున్న రెండేళ్ల లక్ష్యం కాగితం మీదే ఉంటుంది. ప్రేరణ సిద్ధాంతాల అధ్యాయంలో ఈ విషయం రాదు, ఎందుకంటే ఆ అధ్యాయం వ్యక్తి మనసుకే పరిమితం. కాని కాకినాడ ఫలితాలను జాగ్రత్తగా చదివితే, ప్రేరణకు అధికారం తోడైనప్పుడే అది పెట్టుబడిగా, ఉద్యోగాలుగా మారిందని తెలుస్తుంది.

ఈ తేడాకు విధానపరమైన ప్రాముఖ్యం ఉంది. 1970లలో గుజరాత్‌లో మొదలై, 1983లో అహమ్మదాబాదులో భారత వ్యవస్థాపకత అభివృద్ధి సంస్థ ఏర్పడటంతో స్థిరపడిన వ్యవస్థాపకతా శిక్షణల పరంపరకు కాకినాడ ఒక ప్రధాన ప్రేరణ. నేడు డిగ్రీ కళాశాలల్లో నిరుద్యోగ యువతకు ఏర్పాటు చేసే శిక్షణల్లోనూ సాధన ప్రేరణ పాఠం ఒకటి ఉంటుంది, దానికి కాకినాడనే సాక్ష్యంగా చూపుతారు. కాని కాకినాడలో శిక్షణ పొందినవారు నడుస్తున్న వ్యాపారాల యజమానులు. దుకాణం, సరుకు, అప్పు పుట్టే పరపతి వారికి ముందే ఉన్నాయి. ఇవేవీ లేని పట్టభద్రుడికి అదే శిక్షణ అదే ఫలితాన్ని ఇస్తుందనడానికి కాకినాడ ఆధారం కాదు. అలాంటి శిక్షణ పొంది వ్యాపారం పెట్టలేకపోయిన యువకుణ్ణి ప్రేరణ లేనివాడని నిందించడానికి అసలే ఆధారం కాదు.

7. తరగతి గదిలోను, పరిశోధనలోను

బి.కాం., ఎం.బి.ఏ. తరగతుల్లో ఈ పాఠాన్ని చెప్పేటప్పుడు రెండు అధ్యాయాలనూ కలిపి చెప్పడం నాకు ఫలవంతంగా అనిపించింది. ముందుగా ఏదైనా బొమ్మ ఇచ్చి విద్యార్థులచేత కథలు రాయించి, ఇద్దరిద్దరుగా విడివిడిగా అంకెలు వేయించాలి. ఇద్దరి అంకెలూ కలవనప్పుడు వచ్చే వాదనలోనే ఈ పద్ధతిలోని బలం, విశ్వసనీయతపై వచ్చిన విమర్శ రెండూ అర్థమవుతాయి. ఆ తర్వాత కాకినాడ అంకెలు నాలుగూ బోర్డు మీద రాసి, ముగింపు చెప్పకుండా, ఏమి తేలిందో వారినే చెప్పమనాలి. చురుకైన తరగతిలో ఎవరో ఒకరు స్వచ్ఛందంగా వచ్చినవారి విషయాన్ని లేవనెత్తకుండా ఉండరు.

పరిశోధకులకు మిగిలి ఉన్న పని కూడా తక్కువేమీ కాదు. మన పాత తెలుగు వాచకాలను దశాబ్దాల వారీగా తీసుకొని వాటిలోని కథలను ఈ పద్ధతిలో విశ్లేషించవచ్చు. వృద్ధి రేటుతో ముడిపెట్టే తొందర లేకుండా, ఏ తరం పిల్లలకు ఏ రకమైన మనిషిని ఆదర్శంగా చూపామో తెలుసుకోవడానికైనా అది పనికివస్తుంది. తెలుగు, వాణిజ్య శాఖలు కలిసి చేయదగిన పని ఇది. కాకినాడ, రాజమహేంద్రవరం వ్యాపార కుటుంబాల్లో 1960ల నాటి ఖాతాపుస్తకాలు, ఉత్తరాలు, భాగస్వామ్య పత్రాలు ఇంకా అటకల మీద మిగిలి ఉండే అవకాశం ఉంది. శిక్షణకు వెళ్లివచ్చిన తరం దాదాపు కనుమరుగైంది. ఆ దుకాణాల్లో నాడు నిర్ణయాలు ఎవరు తీసుకొనేవారో చెప్పగలిగిన వారి పిల్లలు ఇప్పుడు డెబ్బయ్యో పడికి చేరువలో ఉన్నారు. వారి జ్ఞాపకాలను నమోదు చేయడం మొదట జరగవలసిన పని.